ఒకే గడిలో రెండు క్యాన్సర్లు

ఈ ఉదయం ల్యాబ్ తలుపు తీయగానే కరిగిన మైనం వాసన తగిలింది. దుబాయ్‌లో డేరా అనే పేటలోని ఈ ల్యాబ్‌లో రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, పల్చగా కోసి, గాజుపలకల మీద రంగు వేసి డాక్టరుకు ఇస్తాం. ఈ పని నాకు నేర్పినవాడు మా సీనియర్ టెక్నీషియన్ మస్తాన్ భాయ్. నెల్లూరు మనిషి. ఆయన ఊరికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఈమధ్య ఆ వాసనకే ఒళ్ళు బరువెక్కుతోంది.

భాయ్ రిజిస్టర్‌లో పేగు క్యాన్సర్లకు మూడు గడులుండేవి: కుడి పెద్దపేగు, ఎడమ పెద్దపేగు, పేగు చివరి భాగమైన రెక్టమ్. 2006లో నేను ఆ రిజిస్టర్‌ను కంప్యూటర్లోకి ఎక్కిస్తూ మూడింటినీ ఒకే గడి చేశాను.

“ఏందబ్బయ్యా, రెండు గడులు మింగేసినావే?”

“అంతా ఒకే పేగు కదా భాయ్. పుస్తకాల్లో కూడా కలిపే రాస్తారు.”

“పైకి ఒకే మాదిరుంటాయి. లోపల తేడా. డీఎన్ఏలో తప్పులు దిద్దే ప్రోటీన్లుంటాయే, అవి లేకుండా పోవడం కుడి పేగులోనే ఎక్కువ. రెక్టమ్‌లో అరుదు.” రెండు షిఫ్టులు చేసి ఉన్నాడు, వాదించే ఓపిక లేదు. “సరేలే, చదువుకున్నోడివి.”

ఆ నెలలోనే ఒకే రోజు రెండు సీసాలు వచ్చాయి. ఒకటి రాస్ అల్ ఖైమా క్వారీలో పనిచేసే కడప యువకుడిది, కుడి పెద్దపేగు. రెండోది హైదరాబాద్ నుంచి వచ్చిన ముసలి దర్జీది, రెక్టమ్. ఇదివరకు సీసా మీది చోటును రిజిస్టర్ గడితో సరిచూసి గాని ముక్కకు నంబరు వేసేవాళ్ళం కాదు. నా జాబితాలో సరిచూసేందుకు ఏమీ మిగల్లేదు.

క్వారీ మనిషికి ఆ ప్రోటీన్లన్నీ ఉన్నాయని రిపోర్టు వెళ్ళింది. అవి లేకపోతే జబ్బు వంశపారంపర్యం కావచ్చు, తోబుట్టువులకూ పరీక్ష చేయాలి. రిపోర్టు కోసం అతని తమ్ముడే వచ్చాడు. అతనిదీ అదే క్వారీ.

“అయితే నాకు పరీక్ష అక్కర్లేదంట గదన్నా?”

“అక్కర్లేదు,” అన్నాను.

మర్నాడు పలకలు సర్దుతూ భాయ్ దర్జీ పలక దగ్గర ఆగాడు. గోధుమ రంగు పట్టాల్సిన చోట పట్టలేదు. ప్రోటీన్లు లేవు.

“అరుదన్నారు గానీ, అసలే ఉండదనలేదుగా భాయ్,” అన్నాను.

“అనలేదు. అందుకే అడగతా ఉండా. ఈ ముక్కకు నంబరు దేన్ని చూసి వేసినావు?”

ఆయన మళ్ళీ రంగు వేశాడు. అదే ఫలితం. అప్పుడు ఫోన్ నా ముందుకు జరిపాడు.

“సర్జన్‌కు నువ్వే చెప్పు.”

“నా వీసా పోతుంది భాయ్.”

“పోవచ్చు. ముదీర్‌తో నేను మాట్లాడతా.” ముదీర్ అంటే మా ల్యాబ్ మేనేజరు. “ ముందు ఫోన్ చెయ్యి.”

చేశాను. ఇద్దరికీ మళ్ళీ ముక్కలు తీశారు. ఒకరి ముక్కకు ఇంకొకరి నంబరు పడిందని, ప్రోటీన్లు లేనిది క్వారీ మనిషికేనని తేలింది. తమ్ముడిని పిలిపించి పరీక్షిస్తే పేగులో రెండు బొడిపెలు దొరికాయి. క్యాన్సర్ కాకముందే తీసేశారు. ఆ జాబితాను తాను ఒప్పుకున్నాకే వాడారని భాయ్ ముదీర్‌కు చెప్పాడు. హెచ్చరిక లేఖ ఇద్దరి పేరునా వచ్చింది.

రెండోసారి ముక్క తీశాక దర్జీకి రక్తం ఆగలేదు. భాయ్ నన్ను వార్డుకు తీసుకెళ్ళాడు.

“గల్తీ నీదేనా బేటా?” దర్జీ అడిగాడు.

“నాదే చాచా.”

“మళ్ళ కోస్తరా?”

“లేదు చాచా.”

“అయితే ఖలాస్. జర నీళ్ళియ్యి.”

గ్లాసు నిండా నీళ్ళు తెచ్చాను. నేనే పట్టుకుని తాగించాను. ల్యాబ్‌కు రాగానే నేను మూడు గడులూ మళ్ళీ గీశాను.

ఇప్పుడు పేగు ముక్క వస్తే ఆసుపత్రికి ఫోన్ చేసి ఎక్కడినుంచి తీశారని అడుగుతాను. “లేబుల్ మీదుంది కదా!” అని అవతల నర్సు విసుక్కుంటుంది. ముప్పై సీసాలు వచ్చిన రోజున నాకూ విసుగే. ఆమె నోటితో చెప్పేదాకా సీసా మూత తీయను.