దారిన పోయేవాళ్ళ కుండ

వాతావరణ మార్పు గురించి చదవడానికి విశాఖపట్నం నుంచి మా కాలేజీ వాళ్ళం పన్నెండు మందిమి బర్మాలో యాంగోన్ వెళ్ళాం. మొదటి మూడు రోజులు ఏసీ గదిలో కూర్చుని భూమి వేడెక్కుతోందని విన్నాం. నాలుగో రోజు బయటికి తీసుకెళ్ళారు. మాట నిజమే.

వెళ్ళింది నది దాటి, ట్వంటే దగ్గర ఒక పల్లెకు. ఎండాకాలంలో అక్కడి కాలువలోకి సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది, బావులు ఉప్పగా అయిపోతాయి. ఇంటింటికీ వెళ్ళి తాగే నీళ్ళలో ఉప్పెంత ఉందో మీటరుతో చూసి ఫారంలో రాయడం మా పని. ఉప్పు గీత దాటిన ఇళ్ళకు ఒక సంస్థ వాననీటి ట్యాంకు కట్టిస్తుంది. దాటని ఇంటికి కట్టదు. ఫారాలు ఆ సాయంత్రమే పంపేయాలి. క్లాసు లీడరుగా ఉన్నప్పుడు కూడా నాకు ఇంత అధికారం లేదు.

నాకు దుబాసీగా వచ్చినావిడ యాంగోన్‌లోనే పజుండౌంగ్ పేటలో బట్టలు కుట్టే తెలుగావిడ. ముత్తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చాడట. ఆవిడ శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు, కానీ నోరు విప్పితే అచ్చం మా పిన్ని మాటే. అందుకే మొదటి గంటలోనే పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాను.

నా వంతు ఇళ్ళన్నీ పిన్ని అడిగి పెడుతుంటే మీటరు ముంచుకుంటూ వచ్చాను. అన్నింట్లోనూ ఉప్పే. చివరిది కుండలు చేసుకుని ఒంటరిగా బతికే ఒక పెద్దావిడ ఇల్లు. అక్కడికి వచ్చేసరికి పిన్ని పక్కింటివాళ్ళతో జాకెట్టు చేతుల గురించి మాట్లాడుతోంది. నీళ్ళకు దుబాసీ ఎందుకులే అనుకున్నాను. తాగుతున్నట్టు సైగ చేసి చూపించాను. పెద్దావిడ నవ్వి, వాకిట్లో చిన్న పందిరి కింద మూత పెట్టి ఉన్న కుండ చూపించింది.

మా పద్ధతి ప్రకారం మూడుసార్లు కొలవాలి. ప్రతిసారీ ఆ నీళ్ళతోనే మగ్గు కడిగి, కొత్త నీళ్ళు ముంచి, కొలిచాక పారబోయాలి. అలాగే చేశాను, పద్ధతి దగ్గర నేను గట్టిదాన్ని. మూడుసార్లూ మంచినీళ్ళే. ఫారంలో ‘ట్యాంకు అవసరం లేదు’ అని రాశాను. ‘తాగునీటికి ఎంత దూరం వెళ్ళాలి’ అన్నచోట ‘ఇంటి ముందే’ అని రాశాను. ఊరంతా ఉప్పగా ఉంటే ఈ ఒక్క ఇల్లు తియ్యగా ఉండటం గురించి మార్కుల కోసం కింద ఒక ప్రత్యేక గమనిక కూడా రాసుకున్నాను.

పడవ దగ్గరికి నడుస్తూ ఆ సంగతి గొప్పగా చెబితే పిన్ని ఆగిపోయింది.

“అది దారినపోయేవోల కుండ, పిల్లా. పున్నెం కోసం పెడతారు. ఊరవతల సెరువు కాడినుంచి మంచినీలు మోసుకొచ్చి అందులో పోస్తాది. తను తాగేవి లోన ఉంటాయి.”

ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేని విషయం. మా వీధిలో ఏటా ఎండాకాలం చలివేంద్రం పెట్టేది మా నాన్నే. దానికి క్యాన్లు కొనేవాడు, మేం ఇంట్లో బోరు నీళ్ళు తాగేవాళ్ళం. అయినా పొరుగుదేశం వచ్చి, చలివేంద్రంలో మీటరు ముంచి, ఆవిడ ట్యాంకు నా చేత్తో నేనే కొట్టేశాను.

అరగంటలో పడవ కదులుతుందని మా సారు అంటున్నా వినకుండా వెనక్కి వెళ్ళాం. నన్ను చూసి పెద్దావిడ మళ్ళీ వాకిట్లో కుండ దగ్గరికే నడిచింది. పిన్ని బర్మా భాషలో చాలాసేపు నచ్చజెప్పింది. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

“ఊరు కాని ఊరొచ్చిన గుంటకి ఆ నీలు ఎలా ఇస్తానంతంది,” అంది పిన్ని.

తాగేది నేను కాదు, మీటరని చెప్పమన్నాను. చివరికి పెద్దావిడ లోపలికి వెళ్ళి సగం గ్లాసు తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని ఇచ్చింది. మీటరు గీత దాటి చాలా పైకి పోయింది. ఒకరి తాగునీళ్ళు చెడ్డవని తెలిసి అంత సంతోషపడటం నాకు అదే మొదలు. ఆ వెంటనే సిగ్గేసింది.

మిషనేం చెప్పిందని ఆవిడ అడిగింది. పిన్ని చెప్పింది. ఆ మాట తనకెప్పుడో తెలుసందట.

‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని రాశాను. ఇంతలో పెద్దావిడ వాకిట్లో కుండ మూత తీసి చూసి, రెండు డబ్బాలు కావిడికి తగిలించి భుజాన వేసుకుంది. ఎక్కడికని పిన్నిని అడిగాను.

“సెరువుకి. నువ్వు పారబోసీసినావు కదేటి.”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుక్కునే నీళ్ళు కూడా నేనే పారబోశాను.

చెరువు ఎంత దూరమో పిన్ని చేత అడిగించబోయి మానేసి, ఆవిడ వెనకే నడిచాను. ఊరు దాటాం, ఒక వరి మడి దాటాం, ఇంకో మడి దాటాం. తిరిగొచ్చేటప్పుడు ఒక డబ్బా అడిగితే ఇవ్వలేదు. ఒకటి తీస్తే కావిడి ఒరిగిపోతుందని సైగ చేసింది. దాంతో ఖాళీ చేతులతో, ఫారం పట్టుకుని వెనకే వచ్చాను. దారిలో ఆవిడ రెండుసార్లు దించుకుంది. రెండుసార్లూ నేనూ ఆగాను. అంతకుమించి నావల్ల అయిన సాయం లేదు.

ఇంటికి వచ్చి ‘ఇంటి ముందే’ కూడా కొట్టేశాను. కాలువ వైపు నుంచి సారు ఈల వినిపిస్తోంది. పెద్దావిడ నీళ్ళు కుండలో వంపి, మూత పెట్టబోతూ నా మొహం చూసి, ఒక గ్లాసు ముంచి ఇచ్చింది.

వద్దనబోయాను. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

“తాగు. నువ్వూ దారినపోయేదానివే.”

తాగాను.