పగడాల తొట్టిలో బావగారి మందు

బట్టలు కుట్టే ఆ ఇల్లాలి కుట్టుమిషను ఎదురుగా ఉప్పునీటి గాజుతొట్టి ఒకటి ఉండేది. నీళ్లలో ఉప్పు కొలిచి కలపడం నుంచి పగడాలు పెంచడం దాకా అన్నీ తనే నేర్చుకుంది. ఎర్రచారల రొయ్య ఒకటి, ఆమె నీళ్లలో చెయ్యి పెడితే చాలు, వచ్చి గోళ్లు శుభ్రం చేసి పోయేది.

ఒకనాడు చేపల ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. ఆమె రాగి మందు తెచ్చి, వంటింట్లో విడిగా టబ్బులో ఉప్పునీళ్లు సిద్ధం చేసింది. ఆ మందు చేపలకు అమృతమే గాని రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ విషం.

"సాయంత్రం చేపల్ని టబ్బులోకి మార్చి మందు వేస్తాను. అందాకా తొట్టిని ముట్టుకోకండి" అని అందరికీ చెప్పి, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది.

భర్తకు అన్నయ్య, అంటే ఆమెకు బావగారు, అప్పుడు చుట్టపుచూపుగా వచ్చి ఉన్నాడు. తనకు తెలియనిది లేదనుకునే మనిషి. ఆమె తిరిగొచ్చేసరికి రొయ్య వెల్లకిలా పడి ఉంది, పగడాలు ముడుచుకుపోయాయి, మందు సీసా సగం ఖాళీ.

"నేనే పోశానమ్మా" అన్నాడు బావగారు, పేపరు మీంచి తలెత్తకుండా. "చేపలు అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"ముట్టుకోవద్దని చెప్పి వెళ్లానుగా."

"ముట్టుకోలేదు. పైనుంచి పోశాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. భర్త ఆమెను వంటింట్లోకి పిలిచి, "పెద్దవాడు, మంచికే చేశాడు. రొయ్యే కదా, ఊరుకో" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

చేపల కోసం పెట్టిన టబ్బులోకి పగడాలను మార్చింది. నీళ్లు మార్చి మార్చి చూసినా చాలావరకు తెల్లబడి చచ్చిపోయాయి, రెండు గుత్తులే మళ్లీ విచ్చుకున్నాయి. తొట్టిలో ఏళ్ల తరబడి ఏరి కూర్చిన రాళ్లు మందు పీల్చుకుని పనికిరాకుండా పోయాయి. వాటిని తనే మెట్లు దిగి పారేసింది. భర్త సాయానికొస్తే చెయ్యి వెయ్యనివ్వలేదు.

చేపలు మాత్రం కోలుకున్నాయి. దాంతో ఇంటికొచ్చిన వాళ్లందరికీ బావగారు తొట్టి చూపించి, "వీటికి ప్రాణం పోసింది నేనే" అని చెప్పుకోసాగాడు.

ఒకసారి ఆమె మిషను ఆపి లేచింది. "చేపల్ని బతికించింది మందు. మిగతావన్నీ చంపింది మీరు. చెప్పేటప్పుడు రెండూ చెప్పండి బావగారూ."

"చూశారా, మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే" అన్నాడాయన వచ్చినవాళ్లతో.

"తను చెప్పింది నిజమే అన్నయ్యా" అన్నాడు భర్త, నేల చూపులు చూస్తూ.

మర్నాడే బావగారు మూటాముల్లె సర్దుకున్నాడు. రొయ్య కోసం పెద్దవాణ్ణి వెళ్లగొట్టిందని చుట్టాల్లో చెప్పుకున్నారు. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. కొత్త రాళ్లు తెచ్చి, నీళ్లు కుదుటపడేదాకా ఓపిక పట్టి, తొట్టి మళ్లీ నిలబెట్టుకుంది.

కొన్నాళ్లకు బావగారు తమ్ముడికి ఫోను చేసి, "నా చేపలు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాడు. 'నా' అన్న ఆ ఒక్క ముక్క చెవిన పడి, ఆ పూట ఆమె కుట్టిన జాకెట్ల చేతులన్నీ వంకరపోయాయి. విప్పి మళ్లీ కుట్టుకోవలసి వచ్చింది.