స్పాన్సరు తెచ్చిన చక్కెర పొంగలి

2023 వేసవి. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. అంటే, రోగులకు ఏం తినాలో చెప్పి, వాళ్ల ఇంటిల్లిపాది చేత తిట్లు తినేవాణ్ణి. శనివారం సాయంత్రాలు ఆళ్లగడ్డ పోయి, ఫుడ్ అడిక్షన్ ఉన్నవాళ్లకు ట్వెల్వ్ స్టెప్ గ్రూపు నడిపేవాణ్ణి. తాగుడు మానేవాళ్లు కూర్చునే పద్ధతే ఇది. 'తిండి ముందు నా బలం చాలదు' అని నలుగురిలో ఒప్పుకోవడం మొదటి మెట్టు. మా మేడగదిలో ఎండకు ఫ్యానుకే చెమటలు పట్టేవి.

రత్నమ్మ ఆ ఊళ్లో దర్జీ, మా గ్రూపులో కొత్త మనిషి. మైసూర్‌పాకు గుర్తొస్తే చాలు, రవిక సగం కుట్టి అంగడికి పరిగెత్తేది. కుడికాలి బొటనవేలికి పుండు పడింది. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సిందేనని సర్జన్ చెప్పేశాడు. మిషన్ తొక్కే కాలది.

గ్రూపులో స్పాన్సర్ అంటే, ముందుగా మానుకుని కొత్తవాళ్లకు తోడుండే మనిషి. "తినాలనిపిస్తే ముద్ద ఎత్తకముందే ఆయనకు ఫోన్ చెయ్యి" అని రత్నమ్మకు వివరంగా చెప్పాను. ఆ తోడుగా అనుకున్నది వరదయ్య స్వామిని. అహోబిలంలో గుడి వంటశాల మనిషి, గ్రూపుకు రాకముందే తనంతట తానే తీపి మానేసినవాడు. ఆయనతో మాత్రం "రత్నమ్మకు నువ్వే స్పాన్సర్ స్వామీ" అని ఊరుకున్నాను.

"నా భాగ్యం సార్" అన్నాడు.

ఆ భాగ్యం మరుసటి శనివారం ఆటోలో దిగింది. ఏనుగు పిల్ల స్నానం చేయదగ్గ డబరా నిండా చక్కెర పొంగలి! మూత తీయగానే ఆ నేతివాసనకు పక్క ఊరు శిరివెళ్లలో బస్సులు ఆగిపోయి ఉంటాయి.

"ఏంది స్వామీ ఇది?"

"స్పాన్సర్ అంటిరి గదా సార్! అన్నదానానికి స్పాన్సర్ ఒట్టిచేతుల్తో యాడన్నా వస్తాడా? నేనైతే మెతుకు ముట్టలేదు."

గదిలో అందరూ గుటకలు మింగారు. రత్నమ్మ లేచి గరిటె పట్టుకుంది. ఆమె రెండో చేత్తో ఫోన్ తీసింది. డబరా అవతల స్వామి జేబు మోగింది.

"స్వామీ, నాకు తినాలనిపిస్తాంది."

"యాడుండావమ్మా?"

"నీ డబరా ముందరే."

స్వామి ముఖంలో అప్పుడు వెలిగింది తన పనేమిటో. "గరిటె ఆడ పెట్టు తల్లీ. ఫోన్ కట్ చేయొద్దు. మాట్లాడుకుంటా మెట్లు దిగు, నేనూ వస్తాండా."

ఒకే గదిలోంచి ఇద్దరూ ఫోన్లు చెవికి ఆనించుకుని వీధిలోకి దిగారు. పొంగలి ఆటోస్టాండుకు చేరింది. అక్కడ స్పాన్సర్‌కు జేజేలు పలికారు.

ఆ తర్వాత ఆమె ఎన్ని ఫోన్లు చేసిందో స్వామి చెవులకే ఎరుక. షుగర్ మెల్లగా దారికొచ్చింది, పుండు ఎండింది. కోయాల్సిన పని లేదని సర్జన్ చెప్పగానే రత్నమ్మ వరండాలోకి వచ్చి, ఎదురుగా ఉన్న నన్ను వదిలేసి ఫోన్ ఎత్తింది.

"స్వామీ, వేలుండాది!"

నా ప్రాణం కుదుటపడింది. అప్పటినుంచి ఎవరిని స్పాన్సర్ చేసినా, ఫోన్ మోగితే ఏం చెబుతారో ముందు నాకు అప్పజెప్పమంటున్నాను.