తిరిగి చెప్పించే మా మేనత్త

పోయిన ఆదివారం, ఉదయపు ఆరాధన మొదలుకాకముందే, మా మేనత్త మదనపల్లె ఆసుపత్రిలో కన్నుమూసింది. సంఘ పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు మంచి తెలుగులో రాసిమ్మని మా చర్చి అయ్యగారు అడిగారు. ముప్పై ఏళ్ళ సేవ, విశ్వాసం, ఓర్పు అన్నీ రాసిచ్చాను. అబద్ధమేమీ లేదు. అయితే అందులో రాయనిది ఒకటుంది. ఇన్నేళ్ళూ దాన్ని ప్రార్థనలో చెప్పుకున్నానే గాని మనిషికి చెప్పలేదు. నాకిప్పుడు యాభై. అందుకే ఈ కాగితాలు.

అత్త నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. చిన్న వయసులోనే భర్త పోతే ఆసుపత్రిలో ఆయాగా చేరింది. దొరసాని డాక్టరమ్మకు తెలుగు అంతగా రాదు. ఆమె కుర్చీ పక్కన చిన్న ముక్కాలిపీట వేసుకుని అత్త కూర్చునేది. డాక్టరమ్మ మాట రోగికి, రోగి మాట డాక్టరమ్మకు చేరవేసేది. ఆమె ఇంగ్లీషు వార్డులో విని నేర్చుకున్నదే. పుంగనూరు వైపు వాళ్ళొస్తే అందులో కన్నడం కలిసేది, కుప్పం వాళ్ళొస్తే అరవం కలిసేది.

"సోరు నో, ఊటా నో! గంజి ఓన్లీ. టెన్ డేస్. అన్నం ఈట్ చేస్తే బేబీ ఫినిష్!"

అంతటితో వదిలేది కాదు. "యాదీ, తిరిగి చెప్పు" అనేది. ఎవరైనా సరే, విన్నది తన నోటితో అప్పజెప్పి కదలాల్సిందే. చౌడేపల్లె రైతు ఒకాయనకు దీంతో కోపమొచ్చింది.

"నేనేమన్నా బడిపిల్లోన్నా?"

"పిల్లోనివి కాదప్పా, అందుకే నాకు భయం. పిల్లోళ్ళు తెలీకుంటే అడుగుతారు. నువ్వు మీసం తిప్పుకొని పోతావు. సే, సే!"

వరండా అంతా నవ్వింది. ఆయన గొణుక్కుంటూనే అప్పజెప్పాడు.

నేను హైస్కూలు చదివి బాలికల బడిలో టీచరునయ్యాను. నలుగురిలో అత్త నోరు తెరిస్తే నాకు సిగ్గు. "ఒక భాషైనా సరిగా మాట్లాడరాదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"యాలమ్మా? నాకు బ్యూటీ వొద్దు. ఎదురుగా ఉండే మనిషికి తెలిస్తే సాలు."

యుద్ధకాలంలో ఒక వేసవి. బడికి సెలవులని ఆసుపత్రిలో అత్త దగ్గరే ఉన్నాను. అత్తకు గొంతు పూర్తిగా పోయింది. డాక్టరమ్మ లోపల చెప్పిన జాగ్రత్తలు నా చెవిలో ఊది, వరండాలో ఉన్న తల్లికి చెప్పి రమ్మంది. కుప్పం ఆమె. టైఫాయిడు తగ్గిన కూతుర్ని ఇంటికి తీసుకుపోతోంది. నేను ఆమె ముందు నిలబడి, "ఇంకను పదిదినములు బిడ్డకు ఘనాహారము పెట్టరాదు. ద్రవాహారమే ఇవ్వవలెను" అని స్పష్టంగా చెప్పాను. ఆమె చేతులు జోడించి "సరేమ్మా" అంది. తిరిగి చెప్పించలేదు. పెద్ద మనిషిని అలా అడగడం మర్యాద కాదనుకున్నాను. బాగా చెప్పానని సంతోషపడ్డాను కూడా.

ఐదో రోజు బొగ్గుతో నడిచే బస్సులో ఆ బిడ్డను మళ్ళీ తెచ్చారు. కడుపు ఉబ్బిపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. ఆకలని ఏడిస్తే తల్లి సంగటి పెట్టిందట. ఈ తల్లికి చెప్పిందెవరని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది. ఆ ప్రశ్న అర్థమైంది అక్కడ ఇద్దరికే, నాకూ అత్తకూ.

"ఐ టోల్డ్ డాక్టరమ్మా. మై రాంగ్" అంది అత్త, బొంగురు గొంతుతో.

తొమ్మిది రోజులు ఆ బిడ్డ బతుకుతుందో లేదో తెలియలేదు. ఆ రోజులన్నీ నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. ప్రభువు దయ, బతికింది. ఇంటికి పోయే రోజు ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "నువ్వు బాగనే సెప్తివమ్మా. నాకే తెల్లేదు. పెద్ద సదువు సదివిన అమ్మవి, మళ్ళీ అడిగితే ఏమనుకుంటావో అని..." అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అత్తను పీట మీద నుంచి లేపి, గాయాలకు కట్టే గుడ్డలు చుట్టే గదికి పంపారు. డాక్టరమ్మతో నిజం చెప్పేస్తానన్నాను.

"వొద్దు. ఆయా రాంగ్ చేస్తే స్కోల్డ్ చేసి వదిలేస్తారు. టీచరమ్మ రాంగ్ చేస్తే హోల్ సంఘం టాక్ చేస్తాది. సైలెంటుగా ఉండు."

ఉండిపోయాను. ఆమె వద్దన్నందుకు కాదు. నాకూ అదే కావాల్సి ఉండింది. చివరిదాకా ఆమె ఆ గదిలోనే గుడ్డలు చుట్టింది. తిరిగి చెప్పించడానికి అక్కడ ఎవరూ లేరు.

పోయిన వారం అదే ఆసుపత్రిలో మంచం పట్టింది. డాక్టరు నాకు చెప్పి వెళ్ళిన జాగ్రత్తలు ఆమెకు చెప్పాలి. మంచం పక్కన కూర్చుని, "అత్తా, సోరు నో. గంజి ఓన్లీ. యాదీ, తిరిగి చెప్పు" అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. "సోరు నో... గంజి ఓన్లీ" అని బడిపిల్లలా అప్పజెప్పింది. కాసేపటికి, "కరెక్టు" అంది.

ఈ కాగితాలు నా పెట్టెలో పెడుతున్నాను. నా తర్వాత దాన్ని తెరిచేవాళ్ళు వీటిని దాచిపెట్టండి, ఎవరికీ చూపకండి. సైలెంటుగా ఉండమంది ఆమె. పారేయొద్దని మాత్రం నేనడుగుతున్నాను.

ఆ ముక్కాలిపీటను ఆసుపత్రిలో అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నేల మీద పెడితే ముందుకు ఒరుగుతుంది. ముందు కాలు అరిగి పొట్టిదైంది. రోగి మాట వినడానికి ఆమె ఎప్పుడూ ఆ వైపుకే వంగి కూర్చునేది.