యల్లమంద గేదె

మొన్న నరసరావుపేట బస్టాండులో పళ్ళపొడి అమ్మేవాడి గొంతు చెవిన పడగానే నా బొటనవేలు దానంతటదే వేళ్ళ కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. వాడి మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. ఊపిరి తీసుకునే చోటు కూడా ముందే కుదుర్చుకున్నట్టుంది. వీడికెవరో నేర్పారు అనుకున్నాను. ఆ అనుమానం నాది కాదు, మా సీనియరు త్రికోటయ్యగారిది. పంతొమ్మిది వందల నలభైల్లో ఆయన ఈ ఊళ్ళో ప్లీడరు. పొద్దున పద్యాలు, పదకొండు నుంచి దావాలు. నేను ఆయన దగ్గర జూనియర్ని.

ఆయనకు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. హోటలువాడు కాఫీ బాగా ఇస్తే, "వీడికి నాతో ఏం పని పడిందయ్యా?" అనేవారు. తన పద్యం తొలిసారే సాఫీగా కుదిరితే దాన్నీ నమ్మక, ఇంకెవరిదో గుర్తుకొచ్చిందేమోనని రెండు రోజులు పక్కన పెట్టేవారు. సాక్షి మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వేళ్ళమీద గణాలు లెక్కపెట్టేవారు. "కళ్ళారా చూసినోడు ఆగుతాడు, వెనక్కి పోతాడు, అడ్డంగా పడతాడు. యతి చూసుకుని ఆగేది నేర్చుకున్నోడేనయ్యా" అనేవారు. మొదట్లో నవ్వుకున్నాను గానీ, ఆయన పట్టిన దొంగసాక్షులను చూశాక ఆ నవ్వు పోయింది.

అప్పుడే మస్తాన్‌బీ దావా వచ్చింది. ఆమె భర్త పాత్రలకు కళాయి వేసేవాడు. అతను చనిపోయాక, అతను కట్టించిన నాపరాళ్ళ గది తనదంటూ మరిది ఆమెను వెళ్ళగొట్టబోయాడు. కాగితం లేదు. గది కట్టిన మేస్త్రీ యల్లమంద ఒక్కడే ఆధారం. అతన్ని ముందుగా నేనే కూర్చోబెట్టి, గది ఎవరు కట్టించారని అడిగాను.

"అదేనండీ... ఆ పొద్దు మా గేదె ఈనింది. దూడ అడ్డం తిరిగింది. నేను రాలేనంటే ఆ కళాయాయనే మా ఇంటికొచ్చి చెయ్యేసి లాగాడు. అదయ్యాకనే రాళ్ళెత్తాం."

"గేదె సంగతి కోర్టుకెందుకయ్యా?" అని విసుక్కుని, నాలుగు చక్కటి వాక్యాలు కూర్చి బట్టీ పట్టించాను. వాటిని చూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

వాయిదా రోజు పొద్దున యల్లమంద త్రికోటయ్యగారి ఎదుట ఆ నాలుగూ అప్పజెప్పాడు. ఆయన "ఇంకోసారి చెప్పు" అన్నారు. పొల్లు పోకుండా చెప్పాడు.

"మస్తాన్‌బీ, ఈ సాక్షిని నేను బోనెక్కించను. ఇతనికి ఎవరో నేర్పి పంపారు."

"అల్లా మీద ఒట్టు బాబుగారూ, ఈయనే కట్టింది!"

యల్లమంద నా వంక చూశాడు. నేను కాగితాల కట్ట సర్దుకున్నాను. ఒప్పుకుంటే ఆ పూటే పంపేస్తారని భయం. ఆయన అప్పటికే నన్ను అనుమానిస్తున్నారేమోనని అంతకన్నా భయం.

దావా పోయింది. మస్తాన్‌బీ చట్టీలూ కుంపటీ బండిమీద వేసుకుని దాచేపల్లిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆయనకు అంతా చెప్పేశాను.

"దూడ అడ్డం తిరిగిందని కూడా చెప్పాడా?"

"చెప్పాడండీ."

తిడతారనుకున్నాను. "నీ వాక్యాలు పట్టుకున్నాను గానీ, వాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదయ్యా నేను" అన్నారు. అప్పీలులో కొత్త సాక్షిని ఒప్పుకోలేదు. ఆయన నన్ను పంపలేదు. పంపేసి ఉంటే బాగుండేదని చానాళ్ళు అనుకున్నాను.

తర్వాత నా ప్లీడరీలో సాక్షి అడ్డంగా పోతుంటే ఎన్నడూ ఆపలేదు. జాతరలూ, జబ్బులూ, పశువులూ అన్నీ విన్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా వేళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాయి. మస్తాన్‌బీ వెళ్ళేటప్పుడు నాతో అన్నదాన్ని ఒక మంచి వాక్యంగా రాసుకున్నాను. మరీ బాగా కుదిరింది, కొట్టేశాను. యల్లమంద చెప్పినట్టున్నాడు, బండెక్కుతూ ఆమె అన్నది ఇంతే:

"ఆ గేదె సంగతి... మా ఇంటాయన చెయ్యేసింది... అది ఎందుకు చెప్పనియ్యలేదు నాయనా?"