జుల్మీరా గొడ్డలి

పోర్చుగల్ దక్షిణాన మా ఊళ్లో, సీసా బిరడాల కోసం కార్కు చెట్ల బెరడు ఒలిచేది మగవాళ్లు. ఒలిచిన పలకలు మోసి దొంతర్లు పేర్చేది ఆడవాళ్లు. జుల్మీరా తాత ఒలిచాడు, తండ్రీ ఒలిచాడు. తండ్రి నడుము పోయాక ఆయన గొడ్డలి గోడకే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ల జుల్మీరా నిరుడు దాన్ని దించి నూరుకుంది. మేస్త్రి సెవెరీనో ఆమెను ఈ వేసవికి పరీక్షగా తీసుకున్నాడు. ఆగస్టు నెలాఖరు దాకా తప్పు లేకుండా చేస్తే ఒలిచేవాళ్ల పట్టీలో పేరు ఖాయం.

చెట్టుకు ఇద్దరు. ఆమె జత అదెలినో, సెప్టెంబరులో ఆమె మొగుడు కాబోయేవాడు. అతనిది చిన్నప్పటినుంచీ ఎడమచేతివాటం.

"పెళ్లయ్యాక గొడ్డలి పట్టుకు తిరిగితే కుదరదమ్మాయ్," అనేది కాబోయే అత్త ఎర్మెలిందా, పలకలు పేరుస్తూ. "మావాడి చొక్కాలు ఇంకా నేనే ఉతకాలా?"

"వాడికీ చేతులున్నాయి కదత్తా. రెండూనూ."

ఆడవాళ్లు నవ్వేవారు. అదెలినో మాత్రం అమ్మకు నచ్చజెబుతాననేవాడు. వచ్చే ఏడూ మనిద్దరం జతే అనేవాడు.

బెరడు మందం కొలిచే ఉద్యోగం మీద నేను రోజూ ఆ తోటకు వెళ్లేదాన్ని. ఎనిమిది నెలల పాపను నీడలో పడుకోబెట్టి, ఊపిరి తీస్తోందో లేదోనని పది నిమిషాలకోసారి చూసుకునేదాన్ని. అందుకే ఆ రోజు జరిగింది దగ్గర్నుంచి చూశాను.

జులై చివర్లో ఒక ముసలి చెట్టుకు పలక ఊడదీయగానే, భుజం ఎత్తున పొడుగాటి గాటు కనబడింది. ఒలిచిన చెట్టు తొమ్మిదేళ్లకు మళ్లీ బెరడు కడుతుంది. లోపలి పొర తెగితే మాత్రం ఆ చోట బతికినన్నాళ్లూ మచ్చే. అందుకే మేస్త్రి కట్టడి ఒక్కటే: గాయం చేసినవాళ్లు ఆ వేసవికి గొడ్డలి దించి పలకలు మోయాలి.

మేస్త్రి అవతలి చెట్ల దగ్గర్నుంచి వస్తున్నాడు. అదెలినో గొంతు తగ్గించాడు.

"నీదని చెప్పు జుల్మీ. నువ్వెలాగూ సెప్టెంబరులో మానేస్తావుగా."

"ఎవరన్నారు మానేస్తానని?"

"అమ్మ ఒప్పుకోదు, తెలిసిందేగా. నేను పలకలు మోస్తే ఊరంతా నవ్వుతుంది. నిన్ను చూసి ఎవరూ నవ్వరు."

"వచ్చే ఏడూ జతే అన్నావు."

అతను చెమట తుడుచుకున్నాడు.

మేస్త్రి వచ్చి చూసేసరికే ఎర్మెలిందా అందుకుంది. "చెప్పానా, ఆడచెయ్యి నిలవదని."

"ఎవరిది?" అన్నాడు మేస్త్రి, జుల్మీరా వైపే చూస్తూ.

ఆమె అదెలినో వంక చూసింది. ఒప్పుకోవడానికి అతనికి ఇంకా సమయం ఇస్తోందని నాకు అర్థమైంది. అతను బూట్లు చూసుకున్నాడు.

"నాది కాదు మేస్త్రి గారూ."

"మరి?"

"నన్నడక్కండి. గాటు చూడండి."

మేస్త్రి దానిమీద అరచెయ్యి పెట్టాడు. దెబ్బ ఎడమ పైనుంచి కుడి కిందికి వాలి దిగింది, ఎడమచేత్తో వేసినట్టు. గుంపులో ఎడమచేతివాడు ఒక్కడే. అదెలినో గొడ్డలి చెట్టు మొదట్లో పెట్టేసి దొంతర్ల వైపు నడిచాడు.

ఉంగరం తొడగకముందే మొగుణ్ణి మోతకు దించిందని ఊరంతా అన్నది. జుల్మీరా కన్నతల్లి కూడా రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. జుల్మీరా పని మానలేదు. ఒకరోజు నా పాపను ఎత్తుకుని, దాని నెత్తికి ముఖం ఆనించి ఏడ్చింది. "నాదేనని చెప్పుంటే అన్నీ నిలిచేవేమో అక్కా," అంది.

ఒలిచిన చెట్టు మీద ఆ ఏడాది చివరి అంకె తెల్లరంగుతో వేస్తారు, మళ్లీ ఎప్పుడు ఒలవాలో తెలియడానికి. అది మోసేవాళ్ల పని. కాబట్టి జుల్మీరా ఒలిచిన ప్రతి చెట్టు దగ్గరికీ అదెలినో రంగు డబ్బాతో రావాల్సి వచ్చేది. పదకొండు రోజులు మాటల్లేకుండా వేశాడు. పన్నెండో రోజు కుంచె దించాడు.

"అమ్మకు చెప్పాను. నిన్ను అబద్ధమాడమన్నదీ చెప్పాను."

"ఏమంది?"

"చొక్కాలు నన్నే ఉతుక్కోమంది."

జుల్మీరా పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు.

"మరి సెప్టెంబరు..." అన్నాడతను.

"సెప్టెంబరు వద్దు. వచ్చే మేలో ఒలుపు మొదలైనప్పుడు మేస్త్రి జతలు కడతాడు. అందరి ముందూ నన్ను జతగా అడుగు. పెళ్లి సంగతి ఆ తర్వాత."

"ఒప్పుకుంటావా?"

"అడిగి చూడు."

ఆమె గొడ్డలి భుజాన వేసుకుని తరువాతి చెట్టుకు వెళ్లింది. అతను అంకె పూర్తిచేశాడు. పట్టీలో ఆమె పేరు ఆగస్టు నెలాఖరున ఎక్కింది. మే ఇంకా రాలేదు.