తల్లి గుండ్రంగా తిరిగితే, మైకులూ తిరిగాయి

హుకుంపేటలో పెళ్లిళ్లకు మైక్‌సెట్టు కట్టే ఫల్గుణకు తెలిసినంత సౌండు ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఈ మాట అతనే చెప్పేవాడు. పక్కింటి బడిపంతుల్ని కనక నేను పదేళ్లు విన్నాను.

తొంభై ఎనిమిదిలో అతని తల్లి సోములమ్మకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోవచ్చని విశాఖ డాక్టరు చెప్పాడు. ఆమె పాట ఎత్తుకుంటేనే మా ఊళ్లో థింసా ఆట మొదలయ్యేది.

"ఆపరేషన్‌కి వారమే ఉంది మాస్టారూ. అమ్మ గొంతు స్టీరియోలో పట్టెయ్యాల" అని ఫల్గుణ ఎవరిదో రికార్డరు తెచ్చి, బటన్లు నొక్కే పని నాకు అంటగట్టాడు.

రెండు మైకుల్ని రెండు గుంజలకు కట్టాడు, మధ్య ముప్పై అడుగులు. మరీ దూరమయ్యా అన్నాను. నా మాట వింటే అతను ఫల్గుణ ఎందుకవుతాడు? ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి గుండ్రంగా తిరుగుతూ పాడారు. హెడ్‌ఫోన్‌లో సోములమ్మ ఎడమ చెవిలో వినిపించింది, మాయమైంది, కాసేపటికి కుడి చెవిలో తేలింది.

"ఒక్కకాడ నిలబడి పాడే అమ్మా" అన్నాడు ఫల్గుణ.

"కాళ్లు ఆడకపోతే పాటెలాగొత్తాది? సౌండోడివి నువ్వు, నువ్వే సూసుకో."

సూసుకున్నాడు మహానుభావుడు. రెండు మైకుల తలలూ ఒకచోట చేర్చి, ఒకటి కాస్త ఎడమకూ ఒకటి కాస్త కుడికీ చూసేలా కర్రకు కట్టాడు. అది పట్టుకుని ఆడవాళ్ల నడుమ నిలబడి, తల్లి ఎటు తిరిగితే అటే తనూ తిరిగాడు. ఒప్పుకోవాలి, ఆమె గొంతు నా రెండు చెవుల నడుమ కదలకుండా నిలిచింది. మైకు వైరు మాత్రం అతని కాళ్లకు చుట్టుకుంటోంది. ఆగమని చెయ్యి ఊపాను. మెచ్చుకుంటున్నాననుకుని ఇంకా హుషారుగా తిరిగాడు. ఏడో చుట్టుకి దబ్బున పడ్డాడు.

పాట ఆగిపోయింది. "ఓరి గుంటడా, దెబ్బ తగిలిందేటి?" అంటూ సోములమ్మ పరుగెత్తుకొచ్చింది. గుంటడికి నలభై ఏళ్లు. నేను నవ్వుతూ రికార్డరు ఆపడం మరిచాను. మళ్లీ పాడదామంటే ఆమెను గడ్డ పాడనివ్వలేదు.

ఆపరేషన్‌లో ప్రాణం దక్కింది, మాట పోయింది. పాట వరకే ఉంచి, అతను పడ్డ చివరి ముక్క చెరిపేద్దామన్నాను. ఫల్గుణ ఆ క్యాసెట్ నా చేతికే ఇవ్వలేదు. అప్పుడు కోపమొచ్చింది నాకు.

ఇంటికొచ్చిన తల్లికి హెడ్‌ఫోన్ పెట్టాడు. పాట సాగినంతసేపూ ఆమె పాదాలు ఆడించింది. టేపులో దబ్బుమనగానే ఉలిక్కిపడి, చప్పుడు లేకుండా పెదవులు కదిపి, ఎదురుగా కూర్చున్న కొడుకు మోకాలు తడిమి చూసింది.